జర్మనీలో అమ్మాయి కాన్పుకు వెళ్తున్నాం, పెట్టెలో ఏమేం పెట్టుకోవచ్చు?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నారు. అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో నెల. కాన్పు చూసుకోవడానికి నేనూ, మావారూ మూడు నెలల వీసా మీద వెళ్తున్నాం. హైదరాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లో విమానం మారాలి. బాలింతకు పెట్టడానికి ఇంట్లో కాచిన నెయ్యి రెండు కిలోలు, అల్లుడికి ఇష్టమని మటన్ పచ్చడి, రొయ్యల పచ్చడి, ఇంకా ఆవకాయ, కారప్పొడులు, కరివేపాకు, మిఠాయిలు తీసుకెళ్దామని నా కోరిక. బారసాలకు బిడ్డ మెడలో వేయడానికి బంగారు గొలుసు కూడా చేయించాం. 'అన్నీ చీరల మధ్య చుట్టి పెట్టు, ఎవరూ చూడరు' అంటోంది మా వదిన. 'అమ్మా, నువ్వు ఏమీ తేవద్దు' అంటోంది మా అమ్మాయి. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. అక్కడ ఆపి అడిగితే ఏం చెప్పాలోనని ఒకటే టెన్షన్. మర్చిపోయినవి తర్వాత పార్సిల్లో పంపించుకోవచ్చా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పినట్టు ఒట్టి చేతులతో వెళ్లక్కర్లేదు. మీ వదినగారు చెప్పినట్టు మాత్రం అస్సలు చేయకండి. మీరు రాసిన వాటిలో నెయ్యి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు మానేయాలి. గొలుసు సంగతి కొంచెం ఆలోచించాలి. మిగతావి చాలావరకు నిశ్చింతగా పట్టుకెళ్లొచ్చు.

చీరల మధ్య దాచడం ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. పెట్టె స్కానర్‌లోకి వెళ్తే చీర మడతలు అడ్డురావు, సీసా సీసాలాగే కనిపిస్తుంది. నిషేధం ఉన్న తిండి పదార్థం దొరికితే తీసుకుని నాశనం చేస్తారు. మీ అంతట మీరే చూపిస్తే సాధారణంగా అది అక్కడితో ముగిసిపోతుంది. దాచినట్టు తేలితే జరిమానా పడొచ్చు. పోయిన నెయ్యి కంటే ఆ జరిమానా, ఆ గదిలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు మిమ్మల్ని ఎక్కువ బాధపెడతాయి. అసలే పద్నాలుగు, పదిహేను గంటల ప్రయాణం చేసి దిగుతారు, బయట నిండు చూలాలు ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇప్పుడు నెయ్యి, మటన్ సంగతి. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లోని 27 దేశాల్లో దేనికి వెళ్లినా ఇదే రూలు: మన దేశం లాంటి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం గానీ, పాలు గానీ, వాటితో చేసినవి గానీ తేకూడదు. కిలో అయినా, వంద గ్రాములైనా ఒకటే. సొంతానికే అన్నా ఒప్పుకోరు. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, నెయ్యి, వెన్న, పనీర్, పాలకోవా అన్నీ ఇందులోకే వస్తాయి. చంటిపిల్లల పాలపొడి, డాక్టర్ చెప్పిన ప్రత్యేక ఆహారం లాంటి వాటికి మాత్రం మనిషికి 2 కిలోల దాకా మినహాయింపు ఉంది. అవి కూడా కంపెనీ సీలు విప్పనివి, ఫ్రిజ్ అవసరం లేనివి అయ్యుండాలి.

ఇంట్లో కాచిన కమ్మటి నెయ్యి వల్ల ఎవరికేం నష్టమని మీకు అనిపించవచ్చు. మాంసం, పాల ద్వారా పశువుల జబ్బులు వస్తాయని వాళ్ల భయం. గాలికుంటు వ్యాధి గురించి పాడి ఉన్న ఇళ్లలో చెప్పక్కర్లేదు. నోట్లోనూ గిట్టల మధ్యా పుండ్లు పడతాయి, సొంగ కారుతుంది, పశువు మేత ముట్టదు, పాలు తగ్గిపోతాయి. మన దగ్గర టీకాలు వేయిస్తున్నా అది పూర్తిగా పోలేదు. జర్మనీలో 1988 తర్వాత చాలా ఏళ్లు ఆ జబ్బు జాడే లేదు. 2025 జనవరిలో బెర్లిన్ పక్కనున్న బ్రాండెన్‌బర్గ్‌లో ఒక రైతు గేదెల మందలో మళ్లీ బయటపడింది. మందంతటినీ వదులుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ లాంటి దేశాలు జర్మనీ మాంసాన్ని వెంటనే ఆపేశాయి. బ్రిటన్ భయానికీ కారణం ఉంది. 2001లో అక్కడ ఇదే జబ్బు వస్తే 60 లక్షలకు పైగా పశువుల్ని, గొర్రెల్ని, పందుల్ని చంపేశారు. బయటి నుంచి దొంగతనంగా వచ్చిన మాంసం పందుల కుడితిలో కలవడం వల్లే మొదలైందని అప్పుడు అనుమానించారు. నెయ్యి కాచినదే కావచ్చు, కానీ ఏ సీసాలో ఏముందో, ఎంతసేపు కాచారో కౌంటర్ దగ్గర తేల్చడం కుదిరే పని కాదు. అందుకే పాలతో వచ్చినదంతా వద్దని ఒకే మాట పెట్టుకున్నారు. పాడి మీద బతికే వాళ్ల కష్టం తెలిసిన మనం ఈ రూలును గౌరవించాలి.

నెయ్యి లేకుండా బాలింతకు పెట్టడమెలాగని బెంగపడకండి. జర్మనీలో వెన్న చాలా బాగుంటుంది, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా 250 గ్రాముల కట్టలుగా దొరుకుతుంది. ఉప్పు వేయనిది చూసి నాలుగు కట్టలు తెప్పించండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద కాచండి. ముందు తెల్లటి నురగ వస్తుంది, చిటపటమంటుంది. ఆ చప్పుడు తగ్గి, అడుగున గోధుమరంగు గసి కనిపించి, ఇల్లంతా వాసన రాగానే దించేయండి. కిలో వెన్నకు ముప్పాతిక కిలో పైనే నెయ్యి వస్తుంది. కాచే ఓపిక లేని రోజున 'బుటర్‌ష్మాల్ట్స్' అనే పేరుతో డబ్బాలో అమ్మేది తెచ్చుకోవచ్చు, అది కూడా కాచిన వెన్నే. మన నేతి వాసన అంతగా రాదు గానీ పోపుకు, పప్పులోకి బాగానే ఉంటుంది.

అల్లుడుగారికి మటన్ పచ్చడి పట్టుకెళ్లలేరు గానీ రొయ్యల పచ్చడి పట్టుకెళ్లొచ్చు. చాలామందికి ఇది తెలియదు. చేపలు, రొయ్యలు ఎండబెట్టినవైనా, వండినవైనా మనిషికి 20 కిలోల వరకు అనుమతి ఉంది. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు కూడా అంతే. చిక్కల్లా ఒకటే. ఎర్రటి నూనెలో మునిగి ఉన్న ముక్క రొయ్యో, మటనో చూసి చెప్పడం ఎవరికైనా కష్టం. అందుకని ఈ ఒక్కటీ ఇంట్లో పెట్టినది కాకుండా, పైన ఇంగ్లిష్‌లో పేరు, తయారీ వివరాలు అచ్చయిన సీలు ప్యాకెట్ కొనండి. మీ చేతి రుచే కావాలంటారా, మసాలా పొడి కొట్టి పట్టుకెళ్లి, రొయ్యలు అక్కడ కొని పెట్టివ్వండి. మటన్ కూడా అక్కడే కొని పచ్చడి పెట్టొచ్చు కదా. అమ్మమ్మ హోదాలో మూడు నెలలుంటారు, కావలసినంత టైముంది.

ఆవకాయ, గోంగూర, చింతకాయ, ఉసిరికాయ పచ్చళ్లకు అడ్డు లేదు. కందిపొడి, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారం, నువ్వుల పొడి, శొంఠి, వాము, మిరియాలు, పసుపు, చింతపండు, బియ్యం, పప్పులు, రాగిపిండి కూడా అంతే. సొంతానికి సరిపడా ఉండాలి, అమ్మకానికి తెచ్చినట్టు కనిపించకూడదు. బాలింతకు పెట్టే కాయం కూడా నేతిలో కలపకుండా పొడిగా తీసుకెళ్లి అక్కడే కలపండి. పచ్చళ్లు చేతి బ్యాగులో పెట్టకండి. విమానాశ్రయ భద్రతా తనిఖీలో అవి ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే హైదరాబాద్‌లోనే తీయించేస్తారు. ఎండుకొబ్బరి ఏ బ్యాగులోనూ పెట్టకండి. దానిలోని నూనెకు వేడి పుట్టి అంటుకునే గుణం ఉందని మన విమానాశ్రయాల్లోనే ఆపుతున్నారు. మీరు దుబాయ్ మీదుగా వెళ్తున్నారు కాబట్టి గసగసాలు కూడా వద్దు. అక్కడ వాటిని మాదకద్రవ్యాల కింద లెక్కగడతారు. జర్మనీలో అవే గసగసాలు బేకరీ సామాను దొరికే ప్రతి కొట్లోనూ ఉంటాయి.

కరివేపాకు విషయంలో మీకు బాధ కలుగుతుందని తెలుసు. 2019 డిసెంబర్ 14 నుంచి ఈయూలోకి వచ్చే పచ్చి కాయలు, పండ్లు, ఆకులు, మొక్కలు, నాటే విత్తనాలు వేటికైనా మన వ్యవసాయ శాఖ ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇంటి పెరట్లో కోసిన నాలుగు రెమ్మల కోసం ఎవరూ ఆ పత్రం తెచ్చుకోరు. కొబ్బరికాయ, అరటిపండు, అనాసపండు, ఖర్జూరం, దురియన్‌కు మాత్రమే ఆ పత్రం అక్కర్లేదు. అంటే బారసాల పూజకు కొబ్బరికాయ ఇక్కడి నుంచే వెళ్లొచ్చు. తమలపాకులు, మామిడి ఆకులు, పచ్చి మామిడికాయలు వెళ్లలేవు. మామిడి విషయంలో వాళ్లు ఎంత గట్టిగా ఉంటారో 2014లో చూశాం. మన దేశం నుంచి వచ్చిన సరుకులో పండు ఈగ పురుగులు కనిపిస్తున్నాయని ఆ ఏడాది మే 1 నుంచి మామిడిపండ్లతో పాటు కాకర, వంకాయ, పొట్లకాయ, చేమను కూడా ఆపేశారు. మన దగ్గర తనిఖీ మెరుగుపడ్డాక 2015 జనవరిలో మామిడి మీద నిషేధం ఎత్తేశారు. కరివేపాకును మీరు నీడన ఎండబెట్టి, చేత్తో నలిపి, కొద్దిగా వేయించి పొడి చేసుకుని వెళ్లండి. చారులోకి, పప్పులోకి వాసన బాగానే వస్తుంది.

మిఠాయిల్లో పాలకోవా, కలాకండ్, రసగుల్లా వద్దు. నువ్వుండలు, వేరుశనగ అచ్చులు, నూనెలో వేయించిన అరిసెలు, జంతికలు, చెక్కలు హాయిగా పెట్టుకోండి. సున్నుండలు, పూతరేకులు, బందరు లడ్డు లాంటి నేతి మిఠాయిలకు సంబంధించి, బిస్కెట్లు, చాక్లెట్లు, మిఠాయిల కోవకు కొంత వెసులుబాటు ఉంది. కానీ ఇంట్లో చేసిన సున్నుండ ఆ కోవలోకి వస్తుందో లేదో తేల్చేది ఎదురుగా ఉన్న అధికారి. మీకు నా సలహా, మినప సున్ని, బెల్లం తురుము విడివిడిగా పట్టుకెళ్లి అక్కడ కాచిన నేతితో ఉండలు కట్టండి. బాలింతకు వేడివేడిగా తాజాగా పెట్టినట్టూ ఉంటుంది.

ఇక గొలుసు. ఈ విషయంలోనే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీరు రోజూ వేసుకునే మంగళసూత్రాలు, గాజులు, చెవి కమ్మలు మీ సొంత వస్తువులు. మీతో వెళ్లి మీతో తిరిగి వస్తాయి కాబట్టి వాటి మీద పన్ను ఉండదు. అక్కడ ఎవరికైనా ఇవ్వడానికి తీసుకెళ్లేది కానుక. కానుకలతో సహా మీరు అక్కడ వదిలి వచ్చే వస్తువుల విలువ విమానంలో వచ్చే ఒక్కో పెద్దవారికి 430 యూరోలు దాటకూడదు. మన డబ్బుల్లో 40 వేల రూపాయలకు కొంచెం పైన. జర్మనీలో 15 ఏళ్లలోపు పిల్లలకైతే 175 యూరోలే. ఇవాళ్టి ధరల్లో 10 గ్రాముల గొలుసు ఒక్కటే ఈ పరిమితిని దాటేస్తుంది.

మీరిద్దరూ కలిసి వెళ్తున్నారు కదా, 860 యూరోలు అవుతుంది కదా అని అడగొచ్చు. రెండు వస్తువులైతే చెరొకటి అవుతుంది. ఒకే వస్తువు విలువను ఇద్దరి మధ్య పంచడానికి ఒప్పుకోరు. గొలుసు 600 యూరోలు చేస్తే పైన ఉన్న 170 మీద కాదు, మొత్తం 600 మీదా పన్ను పడుతుంది. 700 యూరోల లోపు ఉన్నవాటికి జర్మనీలో అన్నీ కలిపి ఒకే రేటుగా 17.5 శాతం లెక్కిస్తారు. అంటే 105 యూరోలు. గొలుసు 900 యూరోలైతే మామూలు లెక్క: బంగారు నగ మీద 2.5 శాతం సుంకం, సుంకం కలిపిన మొత్తం మీద 19 శాతం అమ్మకం పన్ను. దాదాపు 200 యూరోలు కట్టాలి. మెడలో వేసుకెళ్లి అక్కడ బిడ్డ మెడలో వేసేద్దామని చాలామంది అనుకుంటారు. అది సొంత నగ పేరుతో కానుకను దాటించడమే, పట్టుబడితే పన్నుతో పాటు దానికి సమానంగా అదనపు రుసుము వేయొచ్చు, కేసు కూడా పెట్టొచ్చు.

మీకు రెండు దారులున్నాయి. బిల్లు చేతిలో పెట్టుకుని, చూపించి, పన్ను కట్టి బిడ్డ మెడలో మనశ్శాంతిగా గొలుసు వేయడం ఒకటి. బారసాలకు ఓ చిన్న ఉంగరమో, వెండి ఉగ్గుగిన్నెనో పట్టుకెళ్లి, గొలుసును బిడ్డ మొదటిసారి తెనాలి వచ్చినప్పుడు వేయడం రెండోది. నాకైతే రెండోదే నచ్చింది. ఇంటిల్లిపాదీ ఉంటారు, బంధువులు చూస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు ఇదే పరిమితి వాళ్లకూ వర్తిస్తుందని మాత్రం ముందే చెప్పండి. మీ అమ్మాయి అక్కడి నుంచి మన దేశానికి నగలు పెట్టుకుని వచ్చేటప్పుడు, అవి తన పాతవేనని జర్మన్ కస్టమ్స్‌లో ముందుగానే రాయించుకుంటే తిరుగు ప్రయాణంలో గొడవ ఉండదు. మీరు కూడా ఖరీదైన నగలు పెట్టుకుని వెళ్తుంటే హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే కస్టమ్స్ వారి దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. వచ్చేటప్పుడు 'ఇది విదేశంలో కొన్నదా?' అనే ప్రశ్న రాదు.

బీపీ, షుగర్ మాత్రలు మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లండి, డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసిన చీటీ జత చేయండి, మాత్రలు వాటి పెట్టెల్లోనే ఉంచండి. మత్తు కలిగించే నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందులు ఉంటే వాటికి ప్రత్యేక పత్రాలు కావాలి, ముందుగా డాక్టర్‌ని అడిగి వేరే మందు రాయించుకోండి.

మీరు రాయలేదు గానీ, పసిబిడ్డకు మంచిదని ఎర్రచందనం బొమ్మ ఎవరైనా మీ చేతికిస్తే పుచ్చుకోవద్దు. ఎర్రచందనం ఎగుమతి మన చట్టం ప్రకారం నిషేధం, అంతర్జాతీయంగా కూడా రక్షణ జాబితాలో ఉంది. నెమలి ఈకలు కూడా వద్దు. బొమ్మే కావాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఉన్నాయి.

దిగాక ఏం చేయాలో చెబుతాను. పాస్‌పోర్ట్ చూపించాక సామాను బెల్టు దగ్గరకు వెళ్తారు. పెట్టెలు తీసుకుని బయటికొచ్చే చోట ఆకుపచ్చ దారి, ఎర్ర దారి ఉంటాయి. 'నా దగ్గర చెప్పాల్సినది ఏదీ లేదు' అని మాటల్లో చెప్పకుండానే చెప్పినట్టు, ఆకుపచ్చ దారిలో అడుగుపెట్టడమంటే. మీ పెట్టెలో పచ్చళ్లు, పొడులు, ఎండు చేపలు, పరిమితి లోపు కానుకలే ఉంటే ఆ దారిలోనే వెళ్లండి. గొలుసు ఉంటే, లేదా ఏదైనా వస్తువు మీద సందేహం ఉంటే ఎర్ర దారిలో వెళ్లి చూపించండి. ఎర్ర దారి తప్పు చేసినవాళ్లది కాదు, అడిగి తెలుసుకునేవాళ్లది. ఎవరైనా ఆపి అడిగినా కంగారుపడకండి. ఏ ప్యాకెట్‌లో ఏముందో మీ అమ్మాయి చేత జర్మన్‌లో రాయించి ఫోన్‌లో పంపించమనండి, ఇక్కడే చీటీలు అంటించి అదే జాబితా కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిష్ రాకపోయినా ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది. తెల్లటి పిండి, పసుపు, కుంకుమ ప్యాకెట్ల మీద తప్పకుండా పేరు రాయండి.

డబ్బు: నగదు 10 వేల యూరోలకు తక్కువైతే అక్కడ చెప్పక్కర్లేదు. అంతకు సమానమైనా, ఎక్కువైనా రాతపూర్వకంగా తెలపాలి. 2021 జూన్ నుంచి బంగారు నాణేలు, కడ్డీలు కూడా ఆ లెక్కలోకి చేరాయి. ఇటువైపు నుంచి రూపాయలైతే మనిషికి 25 వేలకు మించి తీసుకెళ్లకూడదు.

పార్సిల్ గురించి అడిగారు. పంపొచ్చు గానీ మాంసం, పాల పదార్థాల నిషేధం పార్సిల్‌కూ వర్తిస్తుంది, మీరు చెప్పిన నెయ్యి అలా కూడా వెళ్లదు. ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి పంపే కానుక విలువ 45 యూరోల లోపు ఉంటేనే పన్ను ఉండదు, అంటే నాలుగు వేల రూపాయలకు కొంచెం పైన. అందుకని ఆవకాయ, పొడులు లాంటివి పెట్టెల్లో పట్టినంత మీతోనే తీసుకెళ్లండి. మీ అబ్బాయిగానీ ఇంకెవరైనా గానీ తర్వాత పార్సిల్ చేస్తే పైన అంటించే ఫారంలో లోపల ఏముందో ఉన్నదున్నట్టు, ఒక్కో వస్తువు విలువతో సహా రాయమనండి. 'ఆహార పదార్థాలు' అని ఒక్క ముక్క రాసి పంపితే ఆ డబ్బా కస్టమ్స్‌లో ఆగిపోయి, మీ అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తుంది.